అడయారు నుంచి మదనపల్లె దాకా: ప్రవాస మహిళలు, స్త్రీ సమాజాలు, స్నేహం

ప్రవేశిక

మద్రాసులో అడయారు నదికి ఉత్తరపుటొడ్డున 1890లో యూరోపియన్లు తమ కోసం అడయార్ క్లబ్బును ఏర్పాటు చేసుకున్నారు. సముద్రాలు దాటి వచ్చిన ఇంగ్లీషు కుటుంబాలకు అది సొంత ఊరిని మరిపించే చోటు. అక్కడి పడవ పందేలలోకీ, విందులలోకీ భారతీయులకు ప్రవేశం లేదు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా చాలా ఏళ్ళ వరకు ఆ తలుపులు తెరుచుకోలేదు. అదే నదికి దక్షిణపుటొడ్డున 1882 నుంచి దివ్యజ్ఞాన సమాజపు ప్రధాన కార్యాలయం ఉంది. 1917 మే 8న అక్కడ కొందరు స్త్రీలు సమావేశమై ‘విమెన్స్ ఇండియన్ అసోసియేషన్’ను స్థాపించారు. స్థాపకులలో ముగ్గురు పశ్చిమ దేశాల నుంచి వచ్చినవారు: అనీబెసెంట్, మార్గరెట్ కజిన్స్, డోరతీ జినరాజదాస. వారితో కలిసి కూర్చున్న వారిలో మాలతీ పట్వర్ధన్, అమ్ము స్వామినాథన్, అంబుజమ్మాళ్ వంటి భారతీయ స్త్రీలు ఉన్నారు.

ఈ సంస్థ చరిత్రను ఎక్కువమంది ఓటుహక్కు చరిత్రలో ఒక ప్రకరణంగానే రాశారు. విజ్ఞాపనలు, రాయబారాలు, శాసనసభల తీర్మానాలు క్రమంగా నమోదయ్యాయి. అయితే విజ్ఞాపన పత్రం మీద సంతకం చేయడానికి ముందు ఆ స్త్రీలు ఒకరి ఇంటికి ఒకరు వెళ్ళవలసి వచ్చింది, పక్కపక్కన కూర్చోవలసి వచ్చింది, ఒకరి భాషను ఒకరు సహించవలసి వచ్చింది. పరాయి దేశంలో స్థిరపడిన స్త్రీకి స్నేహం ఎక్కడ, ఏ షరతుల మీద, ఎంతవరకు దొరికింది అన్నది ఈ వ్యాసం పరిశీలించే విషయం. దీనికి తెలుగు ప్రాంతంతో ఉన్న సంబంధం సామాన్యమైనది కాదు. అడయారు సమావేశానికి ముందుమాట చిత్తూరు ప్రాంతపు మదనపల్లెలో మొదలయింది.

దొరసానుల లోకంలో ఇమడని స్త్రీ

మార్గరెట్ కజిన్స్ 1878లో ఐర్లండులోని రాస్కామన్ కౌంటీకి చెందిన బాయిల్ పట్టణంలో జన్మించారు. సంగీతంలో విశ్వవిద్యాలయ పట్టా పొందారు. 1903లో కవి జేమ్స్ కజిన్స్‌ను వివాహమాడారు. 1908లో హన్నా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి ఐరిష్ విమెన్స్ ఫ్రాంచైజ్ లీగ్‌ను స్థాపించిన వారిలో ఆమె ఒకరు. ఓటు కోసం జరిగిన ఆందోళనలో 1910లో లండనులోని హాలోవే జైలుకు, 1913లో ఐర్లండులోని టల్లమోర్ జైలుకు వెళ్ళారు. రెండవసారి నిరాహారదీక్ష కూడా చేశారు. 1915 చివర ఆ దంపతులు మద్రాసు చేరారు. అనీబెసెంట్ నడుపుతున్న ‘న్యూ ఇండియా’ పత్రికలో జేమ్స్‌కు ఉద్యోగం దొరికింది.

ఆ ఉద్యోగం ఎక్కువ కాలం నిలవలేదు. 1916లో డబ్లిన్‌లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటును ప్రశంసిస్తూ జేమ్స్ రాసిన వ్యాసం అధికారుల ఆగ్రహానికి కారణమయింది. బెసెంట్ ఆయనను పత్రిక నుంచి తప్పించి, మదనపల్లెలో కొత్తగా వెలసిన దివ్యజ్ఞాన కళాశాలకు అధ్యాపకునిగా పంపారు. మార్గరెట్ కూడా వెంట వెళ్ళారు. ఒక రకంగా ఇది ప్రవాసంలో మరొక ప్రవాసం. మద్రాసులో కనీసం ఇంగ్లీషు మాట్లాడే సమూహం ఉంది. మదనపల్లెలో చుట్టూ ఉన్నది తెలుగు.

ఇక్కడ ఒక విషయాన్ని గమనించాలి. వలస పాలనలో ‘ప్రవాస మహిళ’ అనగానే మనకు స్ఫురించే రూపం దొరసానిది. భర్త ఉద్యోగంతో వచ్చి, బంగళాలో ఉండి, సాయంత్రం క్లబ్బుకు వెళ్ళే స్త్రీ ఆమె. ఆమె ఒంటరితనం అబద్ధం కాదు. భర్త కచేరీకి, పిల్లలు చదువు కోసం ఇంగ్లండుకు వెళ్ళిన ఇంట్లో ఆమెకు మిగిలిన తోడు తన వంటి మరొక దొరసానియే. క్లబ్బు ఆ తోడును ఇచ్చింది. దానికి ప్రతిఫలంగా, చుట్టూ ఉన్న దేశానికి వీపు తిప్పి కూర్చోమంది. మార్గరెట్‌కు ఆ అవకాశం కూడా లేదు. ఐరిష్ జాతీయవాదిగా, ఓటు కోసం జైలుకెళ్ళిన మనిషిగా, దివ్యజ్ఞానిగా, శాకాహారిగా ఆమె ఆ వలయానికి నాలుగు విధాల అతీతురాలు. పాలకుల వర్ణం ఆమెది, పాలితుల రాజకీయం ఆమెది. అందువల్ల ఆమెకు సాహచర్యం దొరకవలసి ఉంటే అది స్థానిక స్త్రీల నుంచే దొరకాలి. ఆమె ఎంచుకున్న దారిలో ఔదార్యం ఎంత ఉందో, అవసరం కూడా అంతే ఉందని చెప్పడం ఆమెను తక్కువ చేయడం కాదు. అవసరం లేని చోట స్నేహం దయగా మారడానికి ఎక్కువ కాలం పట్టదు.

శాకాహారం సంగతి పైకి చిన్నదిగా కనిపిస్తుంది. ఆ కాలపు అగ్రవర్ణ స్త్రీల ఇళ్ళలో విదేశీయులతో సహపంక్తి అంటే ఎంత పెద్ద సమస్యో తెలిసినవారికి అది చిన్నది కాదు. మాంసం, మద్యం ముట్టని దొరసాని వంటింటి గడప దాకా కాకపోయినా, నడవా దాకా రాగలదు. వేదికల మీద ఇచ్చిన ఉపన్యాసాల కంటే ఈ ఒక్క అలవాటే ఎక్కువ తలుపులు తెరిచి ఉంటుందని ఊహించడానికి ఆధారం ఉంది.

‘అబల’ను అభివర్ధిల్లజేసే సమాజం

మదనపల్లెలో కజిన్స్ చొరవతో స్థానిక స్త్రీలు కలిసి నడిపిన సంఘం పేరు ‘అబలా అభివర్ధిని సమాజం’. ఇంగ్లీషు రచనలలో ఈ పేరును ‘బలహీన జాతి అభివృద్ధి సంఘం’ అన్న అర్థంలో అనువదించారు. ఓటు కోసం నిరాహారదీక్ష చేసిన స్త్రీ ‘అబల’ల సంఘంలో సభ్యురాలు కావడం ఆ రచనలు చదివేవారికి కొంత వింతగా తోస్తుంది.

తెలుగు పాఠకులకు ఈ పేరు వేరే విషయం చెబుతుంది. కందుకూరి వీరేశలింగం 1874లో ‘వివేకవర్ధని’ని, 1883లో ‘సతీహితబోధిని’ని ప్రారంభించారు. ఆయన సంస్థకు పెట్టిన పేరు ‘హితకారిణి’. వర్ధని, బోధిని, కారిణి, అభివర్ధిని అన్నవి ఒకే కోవకు చెందిన నామాలు. ఇవి అన్నీ సంస్కరణోద్యమం తెలుగు వ్యవహారంలో స్థిరపరచిన సంస్కృత సమాసాలే. కాబట్టి మదనపల్లె సంఘం ఐర్లండు నుంచి దిగుమతి అయిన రూపం కాదు. దానికి పేరు పెట్టిన నుడికారం అప్పటికే ఇక్కడ నలభై ఏళ్ళుగా వాడుకలో ఉంది. ‘అబల’ అన్న మాటను కూడా పేరు పెట్టినవారు నిఘంటువు అర్థంలో వాడలేదు. అది అప్పటి రచనలలో ‘స్త్రీ’కి పర్యాయపదం. ఆ పర్యాయపదం వెనుక ఉన్న భావజాలాన్ని ప్రశ్నించడానికి మరికొంత కాలం పట్టింది.

స్త్రీ సమాజాల విషయంలోనూ మదనపల్లె మొదటిది కాదు. భండారు అచ్చమాంబ 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించారు. కాకినాడలో పులుగుర్త లక్ష్మీనరసమాంబ శ్రీవిద్యార్థినీ సమాజాన్ని నడిపారు, ‘సావిత్రి’ పత్రికను వెలువరించారు. 1902లో వెలువడిన ‘హిందూ సుందరి’ ఇలాంటి సమాజాల వార్తలకు వేదికగా నిలిచింది. కోస్తా జిల్లాలలో స్త్రీలు వారానికో, పక్షానికో ఒకచోట చేరి చదువుకోవడం, వ్యాసాలు వినిపించడం, చర్చించడం అప్పటికే అలవాటయింది. కజిన్స్‌ను ‘భారతీయ స్త్రీలను మేల్కొలిపిన విదేశీ వనిత’గా చిత్రించే రచనలు ఈ చరిత్రను పట్టించుకోవు. మేల్కొన్నవారి మధ్యకే ఆమె వచ్చారు. ఆమెకు దొరికిన స్నేహం విలువను అర్థం చేసుకోవాలంటే ఈ సవరణ అవసరం. ఎందుకంటే, నిద్రలో ఉన్నవారితో స్నేహం కుదరదు.

మదనపల్లె జీవితంలో సంగీతం పోషించిన పాత్రకు ఒక ప్రసిద్ధ నిదర్శనం ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె కళాశాలకు అతిథిగా వచ్చినప్పుడు ‘జనగణమన’ను పాడి వినిపించారు. మార్గరెట్ ఆ స్వరాన్ని పాశ్చాత్య పద్ధతిలో లిపిబద్ధం చేశారు. అక్కడే ఫిబ్రవరి 28న ఠాగూర్ ఆ గీతాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. ఈ ఘట్టాన్ని జాతీయగీత చరిత్రలో భాగంగా చెప్పుకోవడం రివాజు. ప్రవాస స్త్రీ జీవితంలో భాగంగా చూస్తే మరొక అర్థం కనిపిస్తుంది. మాట రాని చోట ఆమె చేతికి ఉన్న పనిముట్టు సంగీతం. బెంగాలీ ఆమె భాష కాదు, తెలుగూ కాదు. విన్న దానిని శ్రద్ధగా రాసిపెట్టడం మాత్రం ఆమెకు వచ్చు.

పేరులో ఉన్న చోటు

డోరతీ జినరాజదాస బ్రిటిష్ మహిళ. 1916లో సింహళ దేశానికి చెందిన దివ్యజ్ఞాని సి. జినరాజదాసను వివాహమాడారు. వలస సమాజం దృష్టిలో అటువంటి వివాహం చేసుకున్న తెల్లజాతి స్త్రీకి క్లబ్బులో కుర్చీ ఉండదు. భర్తతో పర్యటిస్తూ ఆమె చిన్న చిన్న ఊళ్ళలో స్త్రీలు నడుపుకొంటున్న సంఘాలను చూశారు. మదనపల్లెలోని సమాజం, మద్రాసు ప్రాంతంలోని తమిళ మాదర్ సంగం వంటివి వేటికవి విడిగా ఉన్నాయి. వాటిని కలిపే ఒక సంస్థ ఉండాలన్న ఆలోచనే 1917 మే సమావేశానికి దారితీసింది.

ఆ సంస్థ పేరులోని పదాల వరుస ఆలోచించి పెట్టినది. అది ‘భారతీయ స్త్రీల సంఘం’ కాదు, ‘స్త్రీల భారతీయ సంఘం’. ‘భారతీయ’ అన్న విశేషణం స్త్రీలకు కాక సంఘానికి చెందుతుంది. అందువల్ల ఈ దేశంలో నివసించే, ఈ దేశం కోసం పనిచేసే ఏ స్త్రీ అయినా, పుట్టుక ఎక్కడిదైనా, సభ్యురాలు కావచ్చు. ఒక విశేషణాన్ని స్థానం మార్చి, పరాయి నేలమీద తమకు ఒక చోటు ఏర్పరచుకున్న ప్రవాస మహిళల సందర్భాలు ఎక్కువ కనిపించవు. నదికి ఆవలి ఒడ్డున ఉన్న క్లబ్బు సభ్యత్వాన్ని వర్ణం నిర్ణయించింది. ఈ ఒడ్డున దానిని ఒక వ్యాకరణ సంబంధం నిర్ణయించింది.

సంఘం కార్యక్రమాలను మతం, విద్య, రాజకీయం, దాతృత్వం అని నాలుగుగా విభజించుకున్నారు. శాఖలలో నిత్యం జరిగిన పని మాత్రం చదవడం, రాయడం నేర్పడం, కుట్టుపని, ప్రథమ చికిత్స. మొదటి సంవత్సరంలోనే 33 శాఖలు ఏర్పడ్డాయి. అయిదేళ్ళకు శాఖలు 43, సభ్యులు 2,300 అయ్యారు. రాజకీయ చరిత్రకారులకు కుట్టు తరగతులు ఆసక్తి కలిగించవు. నిజానికి ఇల్లు దాటి రావడానికి అనుమతి దొరికిన కారణం అదే. ‘సభకు వెళ్తున్నాను’ అనడం కంటే ‘కుట్టు నేర్చుకోవడానికి వెళ్తున్నాను’ అనడం ఎందరికో సులువు.

ఈ అల్లిక ఎంత గట్టిదో ఆ ఏడాదే తెలిసింది. 1917 జూన్‌లో ప్రభుత్వం అనీబెసెంట్‌ను నిర్బంధించింది. సెప్టెంబరులో విడుదల చేసింది. డిసెంబరులో భారత వ్యవహారాల మంత్రి ఎడ్విన్ మాంటేగు మద్రాసు వచ్చినప్పుడు 14 మంది స్త్రీల బృందం సరోజినీ నాయుడు నాయకత్వంలో ఆయనను కలిసింది. కజిన్స్ మొదట స్త్రీవిద్య గురించి విన్నవించడానికే అనుమతి కోరారు. రాజకీయ విషయాల మీద వచ్చే బృందాలకే అవకాశం ఉంటుందని జవాబు వచ్చింది. అప్పుడు విజ్ఞాపనలో ఓటుహక్కు చేరింది. ఇంత పెద్ద కోరికకు కార్యాలయపు నిబంధన ఒకటి నిమిత్తం కావడం చరిత్రలోని చమత్కారం. మద్రాసు శాసనమండలి 1921 ఏప్రిల్ 1న స్త్రీలకు ఓటు ఇవ్వడానికి ఆమోదించింది. 1926లో కమలాదేవీ చట్టోపాధ్యాయ ఎన్నికలలో నిలబడడం వెనుక కజిన్స్ ప్రోత్సాహం ఉంది. కమలాదేవి స్వల్ప తేడాతో ఓడిపోయారు. అదే ఏడాది డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి శాసనమండలికి నామినేట్ అయ్యారు.

భాష అనే గోడ

1918లో ప్రారంభమైన సంఘ పత్రిక ‘స్త్రీధర్మ’ ప్రధానంగా ఇంగ్లీషులో వెలువడింది. తమిళం, తెలుగు, హిందీ రచనలకు కూడా అందులో చోటు ఉండేది. అయితే ప్రధాన చర్చ ఏ భాషలో జరిగిందో, ఏ భాషకు పత్రిక చివర పుటలు మిగిలాయో గమనిస్తే స్నేహపు పరిధి బోధపడుతుంది. విదేశీ స్త్రీతో సమానంగా మాట్లాడగలిగింది ఇంగ్లీషు వచ్చిన స్త్రీలు. వారు సాధారణంగా వకీళ్ళ, ఉన్నతోద్యోగుల కుటుంబాల స్త్రీలు. దేశభాష మాత్రమే తెలిసిన సభ్యురాలు తరగతిలో విద్యార్థిని. ఒకే సంఘంలో ఒకరు స్నేహితురాలు, మరొకరు శిష్యురాలు.

కులం విషయంలోనూ అంతే. 1927 నవంబరులో ముత్తులక్ష్మీ రెడ్డి దేవదాసీ పద్ధతి నిషేధాన్ని కోరుతూ శాసనమండలిలో తీర్మానం ప్రవేశపెట్టారు. విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ ఆ ఉద్యమానికి అండగా నిలిచింది. మద్రాసులోని దేవదాసీలు సంఘంగా ఏర్పడి ప్రభుత్వానికి నిరసన పత్రం సమర్పించారు. తమ విద్యను, ఆస్తిహక్కును, గౌరవాన్ని తీసివేయవద్దని వారు కోరారు. ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ను 1910లో పరిష్కరించి ప్రచురించి, దానిపై వచ్చిన నిషేధాన్ని ఎదుర్కొన్న బెంగుళూరు నాగరత్నమ్మ కూడా ఆ వర్గపు విదుషీమణియే. తెలుగు, సంస్కృత సాహిత్యాలలో అంతటి పాండిత్యం గల స్త్రీలు మద్రాసులోనే ఉన్నారు. సంగీతమే ప్రాణమైన కజిన్స్‌కు సహజంగా సఖులు కాదగినవారు వారే. కానీ సంఘపు దృష్టిలో దేవదాసీలు స్నేహితురాళ్ళు కాలేదు, సంస్కరించవలసిన ‘సమస్య’ అయ్యారు. ముత్తులక్ష్మీ రెడ్డి తల్లి ఆ వర్గం నుంచి వచ్చినవారే కావడం వల్ల ఆమె వాదానికి ఉన్న వేదన వేరు. దానిని విదేశీ సభ్యుల అవగాహనతో కలిపి చూడడం న్యాయం కాదు. ఆ భేదాన్ని గుర్తిస్తూనే, ఈ స్నేహవలయం ఎవరి గడప దగ్గర ఆగిపోయిందో చెప్పక తప్పదు.

ఈ ప్రశ్నలను స్త్రీవాద చరిత్రకారులు ముందే లేవనెత్తారు. బార్బరా రాముసాక్ వలస భారతంలో పనిచేసిన బ్రిటిష్ స్త్రీలను సాంస్కృతిక మిషనరీలుగా, మాతృభావపు సామ్రాజ్యవాదులుగా, స్త్రీవాద సహచరులుగా పరిశీలించారు. కుమారి జయవర్ధన 1995లో ఒక పూర్తి గ్రంథాన్నే ఈ విషయానికి కేటాయించారు. ఆంటోనెట్ బర్టన్ బ్రిటిష్ స్త్రీవాదం సామ్రాజ్యపు నీడలో ఎలా పెరిగిందో చూపారు. ఈ వర్గీకరణలు ఉపయోగకరమైనవే. అయితే ఒకే మనిషి ఒకే రోజులో ఉదయం మిషనరీగా, మధ్యాహ్నం తల్లిగా, సాయంత్రం సహచరిగా ప్రవర్తించగలదన్న సంగతిని అవి తగినంతగా పట్టుకోలేవు. కజిన్స్ రచనలలో ప్రాచీన భారత స్త్రీ గురించిన ఆదర్శీకరణ దండిగా ఉంది. 1922లో వెలువడిన ఆసియా స్త్రీల జాగృతి గ్రంథం అందుకు సాక్ష్యం. అదే కజిన్స్, 1927లో కేథరిన్ మేయో ‘మదర్ ఇండియా’ వెలువడినప్పుడు ఆ గ్రంథాన్ని బహిరంగంగా ఖండించిన విదేశీ స్త్రీలలో ఒకరు. తన వర్ణం వారి మాటకు వ్యతిరేకంగా తన స్నేహితుల పక్షాన నిలబడడం స్నేహానికి ఒక పరీక్ష అయితే, అందులో ఆమె నెగ్గారు.

తప్పుకోవడం

మరొక పరీక్ష దీనికంటే కష్టమైనది. 1927 జనవరిలో పూనాలో అఖిల భారత మహిళా సభ తొలి సమావేశం జరిగింది. దాని పుట్టుకకు కజిన్స్ దేశమంతటా రాసిన లేఖలు కారణమయ్యాయి. కానీ కొద్దికాలంలోనే నాయకత్వం భారతీయ స్త్రీల చేతికి వచ్చింది. శాసనోల్లంఘన కాలానికి కమలాదేవి వంటివారు వేలాదిమందిని వీధులలోకి తెచ్చారు. ఆ రోజుల గురించి కజిన్స్ తమ ఆత్మకథలో రాసుకున్నారు. పోరాటంలో పాల్గొనాలన్న కోరిక బలంగా ఉన్నా, తన ప్రత్యక్ష ప్రమేయం ఇక అవసరం లేదని, ముందుకు వస్తున్న భారతీయ నాయకురాళ్ళు దానిని కోరుకోవడం కూడా లేదని తనకు అనిపించిందని ఆమె ఒప్పుకొన్నారు. భర్తతో కలిసి రాసిన ఆ గ్రంథం 1950లో వెలువడింది.

ఈ వాక్యాన్ని కొందరు చేదుగా చదివారు. అలా చదవవలసిన పని లేదు. ఆతిథ్యం ఇచ్చిన ఇంట్లో పెత్తనం ఎంతకాలం చేయవచ్చన్న ప్రశ్న ప్రతి ప్రవాసికీ ఎదురవుతుంది. దొరసానికి ఆ ప్రశ్న రాదు, ఆమె తనను అతిథిగా భావించుకోదు కనుక. కజిన్స్‌కు వచ్చింది. రావడం, దానిని దాచకుండా రాయడం ఆ స్నేహం ఎంత నిజమైనదో చెబుతున్నాయి.

తప్పుకోవడం అంటే విడిపోవడం కాదు. 1932లో అత్యవసర ఆర్డినెన్సులకు వ్యతిరేకంగా మాట్లాడినందుకు ఆమెకు ఏడాది శిక్ష పడింది. వెల్లూరు జైలులో గడిపారు. 1936లో అఖిల భారత మహిళా సభ ఆమెను అధ్యక్షురాలిగా ఎన్నుకొంది.

తెలుగు స్త్రీల విషయానికి వస్తే, 1937లో మద్రాసు మైలాపూరులో దుర్గాబాయి చుట్టుపక్కల పిల్లలను చేరదీసి ప్రారంభించిన చిన్న కూటమి ఆంధ్ర మహిళా సభగా ఎదిగింది. సొంత ప్రాంతానికి దూరంగా, తమిళుల మధ్య నివసించే తెలుగు స్త్రీలకు సొంత భాషలో చదువు, పని, సాంగత్యం అక్కడ దొరికాయి. ఇంగ్లీషు గోడ దాటలేక అడయారు వలయంలో విద్యార్థినిగా మిగిలిపోయే స్త్రీ ఇక్కడ మొదటి వరుసలో కూర్చోగలిగింది. ఈ రెండు సంస్థలనూ పక్కపక్కన పెట్టి చూసే పరిశోధన తెలుగులో జరగవలసి ఉంది.

1940లలో కజిన్స్‌కు పక్షవాతం వచ్చింది. చేతిలో పెద్ద ఆస్తి లేదు, తిరిగి వెళ్ళడానికి ఐర్లండులో ఇల్లు లేదు. మద్రాసు ప్రభుత్వం, ఆ తరువాత జవహర్‌లాల్ నెహ్రూ, ఆమె సేవలను గుర్తించి ఆర్థిక సహాయం అందించారు. 1954 మార్చి 11న ఆమె మద్రాసులోనే కన్నుమూశారు.